క్రొవ్వునకు వయసు వచ్చునప్పుడు

నలుబది దాటినవారిని చూచి "కాస్త ఒళ్ళు చేశావు" అని బంధువులు సంతోషించుట మన ఇండ్లలో పరిపాటి. బొజ్జ కలిమికి గురుతని పెద్దల నమ్మకము. క్రొవ్వనగా తిని మిగిలినది దాచుకొను గాదె యనియు, అది కదలక మెదలక పడియుండుననియు చాలకాలము అందరును తలచిరి. ఆ గాదెలో ఎడతెగని పని జరుగుచున్నదనియు, వయసుతోపాటు ఆ పని తీరు మారుననియు ఇప్పుడు తెలియవచ్చినది. ఆ మార్పును గూర్చి కొంత ముచ్చటింతము.

మన శరీరమందలి కణములలో ఇంచుమించు అన్నింటను ఉన్నవి ఒకే జన్యువులు. కంటిలోనివే క్రొవ్వులోను కలవు. అయినను కన్ను చూచును, క్రొవ్వు నిలువచేయును. ఏ కణములోను అన్ని జన్యువులు పనిచేయకుండుటయే దీనికి కారణము. వీణకు మెట్లు 24 మాత్రమే. ఏ మెట్టుపై వ్రేలుంచి మీటుదుమో దానినిబట్టి రాగము మారును. వయసు మీరినకొలది క్రొవ్వులోను జన్యువులు దాదాపు అవియే యుండును, మ్రోగునవి మారును.

క్రొవ్వు మాటలాడగలదని 1994లో తేటపడినది. అమెరికాలోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను పదార్థమునకు మూలమైన జన్యువును కనుగొనెను. క్రొవ్వు కణములు లెప్టిన్‌ను రక్తములోనికి విడుచును; నిలువ చాలినంత యున్నదను వార్తను అది మెదడునకు చేర్చును.

2008లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన కిర్‌స్టీ స్పాల్డింగ్ ప్రభృతులు మరియొక విశేషమును వెల్లడించిరి. అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారముగా వారు కణముల వయసు లెక్కించిరి. పెద్దవారిలో క్రొవ్వు కణముల సంఖ్య స్థిరము. అయినను ఏటేట నూటికి పది చొప్పున పాతవి పోయి క్రొత్తవి వచ్చుచుండును.

క్రొత్తవానినిచ్చు మూల కణములకును ముదిమి తప్పదు. వానిలో కొన్నింట పి-16 అను జన్యువు మేల్కొని విభజనను ఆపివేయును. అట్టి కణము చావదు, ఊరకుండదు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థములను వెదజల్లి ఇరుగుపొరుగు కణములను కలతపెట్టును. గాయము లేకయే గాయమునకు తగిన సంరంభము మొదలగును. రక్షక కణములు గుమిగూడును. మరియొక వంక, ఒంటికి వెచ్చదనమిచ్చు గోధుమవన్నె క్రొవ్వు తగ్గిపోవును. వేడి పుట్టించు యు.సి.పి.-1 జన్యువు చురుకు సన్నగిల్లును.

ఈ సంరంభము ఎప్పుడు మొదలగును? 2020లో వెలువడిన ఒక పరిశోధనలో, నెల మొదలు 27 నెలల వరకు వయసుగల చిట్టెలుకల 17 అవయవములలో జన్యువుల పనిని పరిశీలించిరి. రక్షక కణముల అలజడి మొట్టమొదట కానవచ్చినది నడివయసులో, తెల్ల క్రొవ్వులోనే. ముసలితనపు తొలి కబురు గాదెనుండి వచ్చినదన్నమాట.

దీనిని నెమ్మదింపజేయవచ్చునా? అదే సంవత్సరము అమెరికా, చైనా శాస్త్రజ్ఞులు కొన్ని పెద్ద ఎలుకలకు 18వ నెలనుండి 27వ నెలవరకు ఆహారశక్తిని నూటికి 30 వంతులు తగ్గించిరి. కడుపునిండ తిన్న ఎలుకల కణములలో వయసు తెచ్చిన మార్పులలో సగమునకు పైగా వీనియందు కానరాలేదు.

ఎలుకల లెక్క మనుష్యులకు యథాతథముగా వర్తింపదు. మేము ఉపవాసములు చేయుడని చెప్పుట లేదు. వృద్ధులకును, బలహీనులకును తిండి తగ్గించుట హానికరము. క్రొవ్వు శత్రువును కాదు. అది లేక ఆకలికి అదుపు లేదు, ఆపదకు నిలువ లేదు. అయితే నడుము చుట్టుకొలతను కలిమికి గురుతుగా భావించుట మానవలెను. దినదినము నడచువారికి కడుపులోపలి క్రొవ్వు తగ్గునని వైద్యులెరుగుదురు. ముసలితనము వచ్చిన పిమ్మట చూచుకొందమని వాయిదా వేయుట తగదు. గాదె కబురు పంపునది నడివయసులోనే గనుక, వినవలసినదియు అప్పుడే.