వేచియుందుమా, కొందుమా?

“నిదానమే ప్రధానము” అని పెద్దలు చెప్పిరి. “ఆలస్యాదమృతం విషమ్” అనియు వారే చెప్పిరి. రెండును నిజములే. కాని యేది యెప్పుడు వర్తించునో తేల్చు భారమును మాత్రము మనకే విడిచిరి. ఈనాటి మా ప్రసంగము ఆ చిక్కును గురించినదే. విషయము మాత్రము కొత్తది. కంప్యూటరులో అమర్చు గ్రాఫిక్స్ కార్డును నేడే కొనవలెనా, రాబోవు తరము కార్డు కొరకు ఆగవలెనా?

మొదట ఈ కార్డు చేయు పని యేమో చూతము. కంప్యూటరు తెర సన్నని చుక్కల కూర్పు. ఇండ్లలో సాధారణముగా నుండు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలుండును. కదలు బొమ్మ కంటికి నున్నగా కనబడవలెనన్న సెకనుకు 60 మారులు ప్రతి చుక్కకును రంగు నిర్ణయింపవలెను. అనగా సెకనుకు పన్నెండు కోట్లకు పైబడిన నిర్ణయములు. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు గొప్ప పండితుని వంటిది. ఎంతటి చిక్కు లెక్కనైనను విప్పును. కాని యొక్కసారి కొన్నింటినే చేపట్టగలదు. గ్రాఫిక్స్ కార్డు వరికోతకు దిగిన కూలీల బృందము వంటిది. ఒక్కొక్కరి పని చిన్నదే. కాని వేలమంది యొక్కమారు వంగి కోయుదురు. 2020లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3080 అను కార్డులో ఇట్టి గణన విభాగములు 8,704 కలవు. ఆటలకే కాక, బొమ్మలు కదలించు విద్యకును, వీడియో కూర్పునకును, కృత్రిమ మేధకును ఈ బృందమే ఆధారము.

ఇక మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. మా మేనల్లుడు విజయవాడలో బ్లెండర్ అను సాధనముతో బొమ్మలు కదలించుట నేర్చుకొనెను. 2020 ఆగస్టులో ఒక చిన్న సంస్థవారు పిల్లల కథలకు బొమ్మలు చేయు పని యిత్తుమనిరి. కరోనా కాలమగుటచే ఇంటినుండియే చేయవలెను. యంత్రము తనదే కావలెను. బావగారు ముప్పదివేల రూపాయలు తీసియుంచిరి. అంగడిలో ఆర్.టి.ఎక్స్. 2060 కార్డు ఆ ధరకు దొరకుచుండెను. వాడు ఫోనులో, “మామయ్యా, ఇప్పుడే కొనమంటారా, ఆగమంటారా?” అని యడిగెను. నాలుగు పత్రికలు చదువుదుమను ధైర్యముతో మేము, “నెల్లాళ్లు ఆగు. కొత్తవి వస్తున్నాయి, పాతవాటి ధర తగ్గుతుంది” అని తీర్పు చెప్పితిమి.

సెప్టెంబరు 1వ తేదీన ఎన్విడియా సంస్థ కొత్త కార్డులను ప్రకటించెను. 499 డాలర్ల 3070 కార్డు, అంతవరకు 1,199 డాలర్లకు అమ్మిన 2080 టి.ఐ. కార్డును మించునని చెప్పెను. ఆ మాట విని కొందరు తమ పాత కార్డులను దొరికిన ధరకు అమ్మివేసిరి. మబ్బులో నీళ్లు చూచి ముంత ఒలకబోసికొనుట యనగా నిదియే. సెప్టెంబరు 17న 3080 అమ్మకమునకు వచ్చినది. వచ్చిన కొన్ని నిమిషములలోనే సరుకు చెల్లిపోయినది. ఇంటిపట్టుననున్న జనుల గిరాకి, చిప్పుల కొరత, ఈథీరియం అను డిజిటల్ నాణెమును గణించి సంపాదించువారి పోటీ, ఈ మూడును ఒక్కటైనవి. 2021 పొడవున కొత్త కార్డులే కాదు, పాతవియు ధర పెరిగినవి. మా మేనల్లుడు చూచిన కార్డు దాదాపు రెండింతలైనది. పని మరియొకరికి పోయినది. వాడు మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనియుండినచో మాకింత బాధ యుండెడిది కాదు.

అటుపిమ్మట మేము ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించితిమి. తేలిన సంగతులు కొన్ని శ్రోతలకు మనవి చేయుదుము.

మొదటిది కాలము. ఎన్విడియా వారి తరములు 2016 మే, 2018 సెప్టెంబరు, 2020 సెప్టెంబరు, 2022 అక్టోబరు, 2025 జనవరి నెలలలో వచ్చినవి. అనగా రెండేండ్లకు కొంచెము అటునిటు. తరము వచ్చిన ఆరు నెలలకే తరువాతి దానికై ఆగుట వ్యర్థము. రెండేండ్లు దాటినప్పుడు ఆగుటలో అర్థము కలదు.

రెండవది వరుస. కొత్త తరములో మొదట వచ్చునవి ధనవంతుల కార్డులు. 2022 అక్టోబరులో వచ్చిన 4090 ధర 1,599 డాలర్లు. సామాన్యునికి అందు 4060, 299 డాలర్లకు, 2023 జూనులో గాని రాలేదు. కావున “కొత్తవి వచ్చె నెల” వేరు, “మనకు తగినది వచ్చె నెల” వేరు. అదిగాక డాలర్ల ధరను రూపాయలలోనికి మార్చి మురియరాదు. మన దేశమున దానిపై 18 శాతము జి.ఎస్.టి. చేరును.

మూడవది గుణము. కొత్తదెల్ల అన్ని విధముల మిన్న కాదు. 2021లో వచ్చిన 3060 కార్డునకు 12 జి.బి. మెమొరీ కలదు, 2023లో వచ్చిన 4060కు 8 మాత్రమే. వేగము కొత్తదానిది. కాని పెద్ద దృశ్యమును మెమొరీలో నిలుపవలసిన చిత్రకారునకు పాతదియే మేలు కావచ్చును. విద్యుత్తును కూడ చూడవలెను. 3080కి 320 వాట్లు చాలును. 2025లో వచ్చిన 5090కి 575 వాట్లు కావలెను. కార్డుతోపాటు విద్యుత్తునందించు పెట్టెను గూడ మార్చవలసివచ్చినచో ఆ ఖర్చును ముందే లెక్కింపవలెను.

ఆగుట ఎప్పుడును తప్పేయని మా యభిప్రాయము కాదు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతిని మార్చుకొనెను. దానితో నాణెములకై నడచిన కార్డులనేకము పాతసరుకుగా అంగడికి వచ్చినవి. ఆనాటివరకు ఆగినవారు లాభపడిరి. మా మేనల్లుడును అప్పుడే ఒకటి కొనుక్కొనెను. ఇందుకు విరుద్ధముగ, 2025 చివరి నెలలలో మెమొరీ చిప్పులు కృత్రిమ మేధ కేంద్రములకు తరలుటచే వాని ధరలు విపరీతముగా పెరిగినవి. ఆగినంతమాత్రమున ధర తగ్గునను నమ్మకము లేదు.

కొనువాని నిరీక్షణ అమ్మువానిని గూడ ముంచగలదు. బాల్యమును తిరువణ్ణామలైలో గడిపిన ఆడమ్ ఆస్‌బర్న్ 1981లో చేతపట్టుకొని పోదగిన కంప్యూటరును అమెరికాలో అమ్మకమునకు తెచ్చెను. బరువు పదునొకండు కిలోలైనను జనులు విరగబడి కొనిరి. తరువాతి యంత్రము ఇంతకన్న మేలైనదని ఆయన ముందుగనే చాటుటచే, ఉన్నదానిని కొనువారు ఆగిపోయిరని ప్రతీతి. 1983 సెప్టెంబరులో సంస్థ దివాలా తీసినది. వేరు కారణములును కలవని చరిత్రకారులందురు. కాని అమ్మువారు రాబోవు సరుకును గూర్చి పెదవి విప్పకుండుటకు ఈ కథ యొక దృష్టాంతముగా నిలిచినది. కావుననే మనకు ముందుగ వినవచ్చునవి చాలవరకు వదంతులు.

ఈ సారము మూడు ప్రశ్నలుగా తేలుచున్నది. నేడు చేతిలో పని యున్నదా, ఆగిన ప్రతి నెలకు నష్టమెంత? రాబోవు కార్డునకు తేదీయు ధరయు ప్రకటింపబడినవా, వదంతియేనా? మన సొమ్మునకు తగిన కార్డు ఆ మొదటి వరుసలో నున్నదా? పని యుండి, తేదీ లేనిచో కొనుటయే మేలు. పని లేక, తేదీ దగ్గరనున్నచో ఆగుటయే మేలు.

2025 సంక్రాంతికి మా మేనకోడలు, అనగా ఆ మేనల్లుని చెల్లెలు, మమ్ము అదే ప్రశ్న యడిగెను. కొత్త తరమును ప్రకటించి వారము దాటినది. ఈమారు మేము తొందరపడక, “ఇప్పుడు నీ చేతిలో ఏం పని ఉందమ్మా?” అని యడిగితిమి. “ఏమీ లేదు మామయ్యా, మే నెలలో పరీక్షలయ్యాకే” అనెను. “అయితే అందాకా డబ్బు బ్యాంకులోనే ఉండనీ” అంటిమి. మే నెల 19న 5060 కార్డు 299 డాలర్ల ధరతో వచ్చినది. ప్రక్కనే కూర్చున్న మా మేనల్లుడు ఆనాడు నవ్వి, “ఈసారి మామయ్య తీర్పు చెప్పటం లేదు, ప్రశ్న అడుగుతున్నారు” అనెను. ఐదేండ్ల తరువాత ఆ విషయమై వాడు పలికిన మొదటి మాట యది.