గోడ మార్చేముందు ఒక మాట

పాత కట్టడాల రక్షణ అనగానే మనకు తోచేది నిషేధం: ముట్టుకోవద్దు, కూల్చవద్దు. నా మనవి ఒక్కటే. రక్షణకు ప్రాణం నిషేధంలో లేదు, మార్చేముందు అడిగే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి జిల్లా దాకా, ఊరి దాకా దిగితే తప్ప నిలవదు. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లోనే గులాం యజ్దానీ సారథ్యంలో మొదలైంది. తర్వాత 1958లో కేంద్ర చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా గుళ్లను, కోటలను, సమాధులను చూసుకున్నాయి. మనుషులు కాపురముంటున్న పాత ఇంటి సంగతి ఎవరు చూడాలి? అమెరికాలోని చార్ల్‌స్టన్ నగరం 1931లో దీనికి ఒక దారి వేసింది. పాత పేటలో ఇంటి వెలుపలి రూపం మార్చదలచినవారు ముందుగా ఒక మండలి అనుమతి తీసుకోవాలంది.

మన దగ్గర ఆ ఆలోచన 1995లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధనగా వచ్చింది. జాబితాకెక్కిన భవనాన్ని కూల్చాలన్నా, పెంచాలన్నా, చివరికి గిలాబు, రంగు మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సలహాతో అనుమతి పొందాల్సి ఉండేది. రంగుకు, గిలాబుకు కూడా అనుమతా అని నవ్వకండి. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి, మళ్లీ బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు మెత్తితే తడి లోపలే చిక్కుకుంటుంది. కొన్నాళ్లకు గోడ ఉబ్బి, పొరలుగా రాలుతుంది. బాగుచేశామనుకున్నదే దాన్ని చెడగొడుతుంది. ఈ సంగతి తెలిసినవాడు పని మొదలుకాకముందే వచ్చి గోడ చూడాలి. అందుకే పరిశీలన కావాలి.

దీనిమీద రెండు ఆక్షేపణలున్నాయి. నా ఇంటిమీద ఊరి పెత్తనమేమిటన్నది మొదటిది. అందులో న్యాయముంది. భారమంతా యజమాని నెత్తిన వేసి, గౌరవం మాత్రం ఊరు పంచుకోవడం తగదు. మరమ్మతుకు సాయం, నిర్ణయానికి గడువు, కాదంటే రాతపూర్వకమైన కారణం ఇవ్వాలి. అవి లేని కమిటీ ఒట్టి అడ్డంకే. అభివృద్ధి ఆగుతుందన్నది రెండోది. కమిటీ పని మార్పును ఆపడం కాదు, ఏది మారవచ్చో, ఏది మారితే కట్టడమే పోతుందో విడదీయడం.

అయినా 13వ నిబంధన 2015లో ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో రద్దయింది. నగరానికే పరిమితమైన పద్ధతికి జిల్లాల్లో అండ లేకపోయింది. 2017లో తెలంగాణ రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. అయినా 2019లో హైదరాబాద్‌లోని పాత భవనం ఇర్రం మంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని ఆపడానికి హైకోర్టు తీర్పే కావలసివచ్చింది. ఆ భవనం కోసం కోర్టుకెక్కేవారు దొరికారు. పల్లెలోని గడికి, చావడికి, బురుజుకు ఎవరెక్కుతారు? వాటికి కోర్టుకన్నా ముందు ఊరే దిక్కు. కాబట్టి గ్రామసభలో పాత కట్టడాల జాబితా చదవండి. మార్పు కోరిన దరఖాస్తును పదిమంది ఎదుట పెట్టండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిచి గోడ చూపించండి. ఆ తర్వాతే పార ఎత్తండి.