మన పాత ఇంటికి ఏ మంట తగినది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన భాష గురించి, ధింసా గురించి, భూమి హక్కుల గురించి పెద్దలు చక్కగా చెప్పారు. మేము ఇంట్లో మాట ఒకటి చెబుతాం. అది చలికాలంలో మన పాత ఇంట్లో వేసుకునే మంట గురించి. ఆగస్టులో చలిమంట మాటేమిటని నవ్వుకోకండి. దానికి ఏర్పాటు చేసుకోవాల్సింది ఇప్పుడే.

పాడేరు, చింతపల్లి, లంబసింగి, అరకు వైపు డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి 10 డిగ్రీల కంటే కిందికి పోవడం మనకు కొత్త కాదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళిన పిల్లల్లో కొందరు దగ్గుతో తిరిగి వస్తారు. మా వార్డెన్లం ఏటా చూసేదే ఇది. కారణం చలి ఒక్కటే కాదు. మూసిన గదిలో రాత్రంతా పీల్చిన పొగ కూడా. కట్టెల పొగ వల్ల చిన్నపిల్లలకు న్యుమోనియా, పెద్దవాళ్ళకు ఊపిరితిత్తుల జబ్బు వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. ఆ పొగలో ఎక్కువసేపు ఉండేది అమ్మ, నానమ్మ, వాళ్ళ ఒడిలోని పసిబిడ్డ.

అయితే మన పూర్వీకులు తెలియక ఇంట్లో మంట పెట్టారా? కాదు. గడ్డి కప్పు, నాటు పెంకుల కప్పు గాలి ఆడే కప్పులు. పొగ మెల్లగా పైకి పోయి సందుల్లోంచి బయటపడేది. పోతూ పోతూ ఒక పని కూడా చేసేది. పొయ్యి మీద వేలాడదీసిన మొక్కజొన్న పొత్తులకు, అటక మీది విత్తనాలకు పురుగు పట్టకుండా చూసేది. కప్పు గడ్డిని, వాసాలను చెద తినకుండా కాపాడేది. ఆ ఇల్లు, ఆ మంట ఒకదానికొకటి తెలిసి కట్టుకున్నవి.

ఇప్పుడు ఏం జరుగుతోంది? వాన కారుతోందని పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా కడుతున్నాం. గడ్డి తీసి రేకులు వేస్తున్నాం. కొందరం స్లాబు వేసుకున్నాం. కిటికీకి గోనెసంచి కడుతున్నాం. ఇల్లు మారింది, మంట మాత్రం పాతదే. పొగకు దారి మూసేసి, మంటను మాత్రం లోపలే ఉంచాం. అందుకే మేము చెప్పేది ఒక్కటే. ఏ ఇంధనం వాడాలి అని అడిగే ముందు, పొగ ఎటు పోతుంది అని అడగండి. ఆ జవాబు మీ ఇల్లే చెబుతుంది. ఒక సాయంత్రం తలుపు మూసి, అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ పైకి వెళ్ళి బయటపడుతోందా, గదిలోనే తిరుగుతోందా, మీకే తెలుస్తుంది.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట బొగ్గుల కుంపటి. అన్నింటికంటే ప్రమాదం ఇదే. బొగ్గుకు పొగ రాదు కాబట్టి మంచిదనుకుని, కుంపటి లోపల పెట్టి, తలుపు బిగించి పడుకుంటారు. కణకణలాడే నిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, ఆ పైన మత్తు నిద్ర. కొందరు ఆ నిద్రలోంచి లేవరు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే అది జలుబు కాదు. వెంటనే తలుపులు తెరిచి, అందరినీ బయటికి తీసుకొచ్చి, 108కి ఫోన్ చేయండి. పొయ్యిలో మిగిలిన నిప్పులను పళ్ళెంలో పోసి మంచం కింద పెట్టడం కూడా ఇలాంటిదే. పడుకునే గదిలో నిప్పు వద్దు. ఈ సభ నుంచి ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్ళినా చాలు.

రెండోది గ్యాస్. 2016 మే 1న ఉజ్జ్వల పథకం మొదలైంది. మన గూడేల్లో చాలా ఇళ్ళకు సిలిండర్ వచ్చింది. మళ్ళీ నింపించుకోవడానికి డబ్బు, కొండ మీదికి మోసుకొచ్చే మనిషి కావాలి. అందుకని చాలా సిలిండర్లు మూలన ఉన్నాయి. 14.2 కిలోల సిలిండర్ వంటకు బంగారం. కట్టెల పొయ్యిలో వేడి చాలావరకు గాలిలో కలిసిపోతుంది, గ్యాస్ పొయ్యిలో సగానికి పైగా గిన్నెకే చేరుతుంది. కానీ గది వెచ్చబడాలని గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచకండి. డబ్బు పోతుంది, మూసిన గదిలో గాలీ చెడిపోతుంది. గ్యాస్‌ను తెల్లవారుజామున టీకి, పసిబిడ్డ పాలకు, వానాకాలంలో కట్టెలు తడిసినప్పుడు దాచుకోండి.

మూడోది కరెంటు హీటర్. పొగ లేదు, నిజమే. 1000 వాట్ల హీటర్ గంటకు ఒక యూనిట్ తింటుంది. రాత్రికి 6 గంటలు వేస్తే నెలకు 180 యూనిట్లు. పాత మట్టి ఇంట్లో వైరింగ్ బల్బుకు, ఫ్యానుకు వేసింది. అదే తీగకు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి హీటర్ పెడితే తీగ కాలుతుంది. పైన గడ్డి కప్పు ఉంటే చెప్పనక్కరలేదు. వైరింగ్ తెలిసినవాళ్ళతో చూపించాకే ఆలోచించండి.

నాలుగోది కట్టెలు. మనకు ఇవి తప్పవు, తప్పు కూడా కాదు. కానీ ఎండిన కట్టె వేరు, పచ్చి కట్టె వేరు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీళ్ళను ఆవిరి చేయడానికే మంటలో కొంత పోతుంది, పొగ కూడా ఎక్కువ వస్తుంది. చీల్చి, కింద రాళ్ళు పెట్టి, పైన కప్పు ఉండి పక్కల గాలి ఆడేలా పేర్చి, ఆరు నెలలు ఆరబెట్టాలి. రెండు కట్టెలు కొట్టి చూడండి. ఖణేలుమంటే ఎండింది, దబ్బుమంటే ఇంకా పచ్చిదే. వేసవిలో తెచ్చినవి ఉంటే ఈ వానల్లో తడవకుండా చూడండి. కొత్తగా తెచ్చినవి వచ్చే ఏడాదికి ఉంచండి.

కట్టెల కోసం పెద్ద చెట్టు పడగొట్టాల్సిన పని లేదు. కాఫీ తోటల్లో కత్తిరించిన కొమ్మలు, నీడకు పెంచిన సిల్వర్ ఓక్ కొమ్మలు ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో పొదల పుల్లలను, మోళ్ళను కూడా చేర్చింది. ఎక్కడ ఏరుకోవాలి, ఏ చెట్టును ముట్టకూడదు అనేది గ్రామసభలో కూర్చుని నిర్ణయించుకోండి. ఇంకో మాట తమ్ముళ్ళకు. ఆ మోపు తల మీద మోసేది ఇప్పటికీ అమ్మే, చెల్లే. ఈ ఏడాది నుంచి మీ భుజం కూడా అక్కడ ఉండాలి.

మరి ఏం చేద్దాం? కప్పు గాలి ఆడే పాత పెంకుటిల్లయితే, పట్టా కట్టినా పొయ్యి పైన ఒక చోట దారి వదలండి. ఎదురెదురు గోడల్లో పైన చిన్న గూళ్ళు తెరవండి. పొగగొట్టం పెడితే అది కప్పు కొస కంటే ఎత్తుగా ఉండాలి, గడ్డికి, వాసానికి తగలకూడదు, మసి తరచూ దులపాలి. 1980లలో ప్రభుత్వం పొగలేని పొయ్యిలు ఇచ్చింది. మసి తీయక, పగుళ్ళు పూడ్చక చాలా చోట్ల అవి మూలపడ్డాయి. పొయ్యి పెట్టడం ఒక రోజు పని, దాన్ని చూసుకోవడం ఏడాది పొడవునా పని.

స్లాబు, రేకుల ఇల్లయితే కట్టెల మంట లోపల వద్దు. ముందువైపు తెరిచి ఉన్న వసారాలో పెట్టుకోండి. సాయంత్రం అందరూ అక్కడే కూర్చుని కాచుకోవచ్చు. పడుకునేటప్పుడు గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచండి. నేల మీద గడ్డి చాప, దాని మీద బొంత, తలకు గుడ్డ. ఒళ్ళు కాలనంత వేడినీళ్ళు సీసాలో పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెడితే తాతకు మంచి నిద్ర పడుతుంది.

పొగ తగ్గితే విత్తనాల సంగతేమిటని నానమ్మ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, గాలి చొరని డబ్బాలో దాచుకోవాలని ఆమెతోనే కలిసి చేయండి. "నీ పొయ్యి పాతది" అని అనకండి. ఆ పొయ్యి మీద వండి పెట్టిన తిండే మనల్ని బడికి పంపింది. "అవ్వా, నీ దగ్గు తగ్గాలి, ఈ మంటను వసారాలోకి మారుద్దాం, నువ్వే చోటు చూపించు" అని అడగండి. ఆమె చూపించిన చోట మట్టి మీరు మెత్తండి.

వచ్చే సంక్రాంతికి మా పిల్లలు ఇళ్ళ నుంచి దగ్గు లేకుండా హాస్టల్‌కి తిరిగి రావాలి. అది మీ చేతుల్లో ఉంది.