నడిసముద్రంలో చిరునామా

1912 ఏప్రిల్ 14వ తేదీన, అర్ధరాత్రికి కొంచెం ముందు, టైటానిక్ ఓడ మంచుకొండకు తగిలింది. ఆ ఓడలోని వైర్‌లెస్ ఉద్యోగులు జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్. సాయం కోరుతూ వారు పంపిన సంకేతాలు దూరాన ఉన్న ఓడలకు అందినవి. ఓడ ఉన్న చోటును తెలిపే అక్షాంశ రేఖాంశాలు కూడ వాటిలో ఉన్నవి. నాలుగవ అధికారి జోసెఫ్ బాక్స్‌హాల్ లెక్కకట్టి ఇచ్చిన అంకెలవి. 1985లో సముద్రగర్భాన ఓడ శిథిలాలు బయటపడినప్పుడు, అవి ఆనాడు చెప్పిన చోటికి సుమారు 13 నాటికల్ మైళ్ళ దూరాన ఉన్నట్లు తేలింది. రక్షించడానికి వచ్చిన కార్పేథియా ఓడ తప్పు చోటునే గురిగా పెట్టుకొని బయలుదేరింది. ప్రాణరక్షణ పడవలు దాని దారిలోనే తటస్థపడినవి గనుక 700 మందికి పైగా బ్రతికి బయటపడ్డారు.

కేక వేయగలగడం వేరు. ఎక్కడ నుండి కేక వేస్తున్నామో చెప్పగలగడం వేరు. ఊరిలో ఇల్లు అంటుకుంటే పొగను బట్టి పరుగెత్తవచ్చును. నడిసముద్రంలో వీధులు లేవు, ఇంటి నంబర్లు లేవు. రేడియోలో మనిషి గొంతు వినబడినంత మాత్రాన అది ఏ దిక్కు నుండి వచ్చినదో సాధారణమైన సెట్టు చెప్పలేదు.

మేము వృత్తిరీత్యా రేడియోవారము. మా మాట మీ ఇంటికి వస్తుంది గాని, మీ బదులు అదే యంత్రం ద్వారా మాకు చేరదు. పడవలలోని వి.హెచ్.ఎఫ్. రేడియో అటువంటిది కాదు. అది వింటుంది, మాట్లాడుతుంది కూడ. దాని శక్తి హెచ్చుపక్షం 25 వాట్లు. దాని తరంగాలు ఇంచుమించు చూపు మేరకే పోతవి గనుక, ఏరియల్ ఎంత ఎత్తున ఉంటే మాట అంత దూరం పోతుంది. ఆపదలో మాట్లాడవలసినది 16వ ఛానెల్‌లో. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవులలోని మరపడవలు అనేకం ఈ రేడియోను పెట్టుకున్నవి. ఉపగ్రహాల సాయంతో పడవ ఉన్న చోటును తెరమీది సముద్రపటంలో చూపే జి.పి.ఎస్. చార్టుప్లాటరు కూడ నేడు వింత వస్తువు కాదు. అయితే ఈ రెండు యంత్రాలూ సరంగు ఎదుట జానెడు ఎడంలో ఉన్నప్పటికీ, నడుమ తీగె లేకపోతే ఒకదానికి తెలిసినది రెండవదానికి తెలియదు.

ఆ తీగె విలువ ఎర్ర మీట నొక్కినప్పుడు తెలుస్తుంది. డి.ఎస్.సి. అనే సదుపాయం గల వి.హెచ్.ఎఫ్. సెట్లలో మూత క్రింద ఒక ఎర్ర మీట ఉంటుంది. మూత ఎత్తి దానిని కొన్ని క్షణాలు అదిమిపట్టితే, మనిషి నోరు మెదపకుండానే 70వ ఛానెల్‌లో ఆపద సందేశం వెలువడుతుంది. జవాబు వచ్చేవరకు సుమారు నాలుగు నిమిషాలకు ఒకమారు సెట్టు దానిని తిరిగి పంపుతూనే ఉంటుంది. పెద్ద ఓడలు ఈ ఛానెల్‌ను ఎడతెగక కనిపెట్టి ఉండవలెనని అంతర్జాతీయ నిబంధన. ఆ సందేశంలో పడవ గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇది తొమ్మిది అంకెలది. మన దేశపు పడవలకు 419తో మొదలవుతుంది. అధికారుల నుండి ఈ సంఖ్య పొంది సెట్టులో నమోదు చేయనిదే ఎర్ర మీట పనిచేయదు.

గుర్తింపు సంఖ్యతోపాటు పడవ ఉన్న చోటు పది అంకెలలో పోతుంది. విశాఖకు ఆగ్నేయంగా సుమారు 30 నాటికల్ మైళ్ళ దూరాన, ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 20 నిమిషాలు, తూర్పు రేఖాంశం 83 డిగ్రీల 40 నిమిషాల వద్ద ఒక పడవ ఉన్నదనుకొందాము. అప్పుడు పోయే అంకెలు 0172008340. తీగె కలపని సెట్టులో, చేతితోనైనా చోటు నమోదు చేసి ఉండకపోతే, ఆ స్థానంలో పది తొమ్మిదులు పోతవి: 9999999999. ఎవరో ఆపదలో ఉన్నారని విన్నవారికి తెలుస్తుంది. ఎక్కడికి పోవలెనో తెలియదు. చేతితో నమోదు చేసిన అంకెలైనా ఎంతసేపు నిలుస్తవి? గంటకు 8 నాటికల్ మైళ్ళు నడిచే పడవ నాలుగు గంటలలో 32 మైళ్ళు దాటిపోతుంది.

ఇక కలిపే విధానం. అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ వారు పడవలలోని యంత్రాలకు ఏర్పరచిన భాష ఒకటి కలదు. దానిని ఎన్.ఎమ్.ఇ.ఎ. 0183 అంటారు. ఈ భాషలో ఒకరు పలికేవారు, మరొకరు వినేవారు. కనుక ప్లాటరు పలికే తీగెలను రేడియో వినే తీగెలకు కలపవలెను. పలికేదానిని పలికేదానికే కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, వినేవారుండరు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. కొన్ని ప్లాటర్లలో పలికే తీగె ఒక్కటే ఉంటుంది. అప్పుడు రేడియో వినే మైనస్‌ను ప్లాటరు గ్రౌండు తీగెకు చేర్చవలెను. తీగెల రంగులు ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క తీరు గనుక రంగును నమ్మక, యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని నమ్మవలెను. రెండు యంత్రాలలోనూ వేగం ఒకటే, సాధారణంగా 4800, ఉండవలెను. పని ముగిసేవరకు బ్యాటరీ కలపరాదు. ఉప్పుగాలి రాగిని తినివేస్తుంది. అతుకులకు నీరు చొరని తొడుగు వేయవలెను.

సరిగా కలిసినదీ లేనిదీ తెలుసుకోవడం సులభం. ప్లాటరు ఉపగ్రహాలను అందుకున్న కొద్దిసేపటికి రేడియో తెరమీద అక్షాంశ రేఖాంశాలు, వేళ కనబడవలెను. పరీక్ష పేరిట ఎర్ర మీటను ఎన్నడూ నొక్కరాదు. రేడియో పలికే తీగెలను కూడ ప్లాటరుకు కలిపితే, ఆ సౌకర్యం గల యంత్రాలలో, ఇతరుల ఆపద సందేశం వచ్చినప్పుడు వారి చోటు మన పటంమీద చుక్కగా కనబడుతుంది. లోపలనే జి.పి.ఎస్. గల రేడియోలు, ఒకే కేబులుపై అన్ని యంత్రాలనూ కలిపే ఎన్.ఎమ్.ఇ.ఎ. 2000 పద్ధతి నేడు ఉన్నవి. అయినను తెరమీది అంకెలను చూసుకోవలసిన పని వాటితోనూ తప్పదు.

మీట నొక్కిన తరువాత 16వ ఛానెల్‌లో 'మేడే' అని మూడుమార్లు పలికి, పడవ పేరు, ఉన్న చోటు, వచ్చిన ఆపద, ఉన్న మనుషుల సంఖ్య చెప్పవలెను. తీరాన ఉన్నవారు కోస్ట్ గార్డుకు తెలుపదలిస్తే ఫోన్ నంబరు 1554.

మన తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం. వలలు బాగుచేసుకొనేదీ, ఇంజన్లు విప్పి చూసుకొనేదీ ఆ రోజులలోనే. ఈ రెండు తీగెల పనిని కూడ అప్పుడే ముగించుకోవచ్చును. మీ ఇంటివారెవరైనా సముద్రం మీదికి పోయేవారైతే, బువ్వ మూట అందించేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: రేడియో తెరమీద అంకెలు కనబడుతున్నవా?