కారణము వ్రాసి యిమ్మనుట



పాలమూరు, నల్లగొండ సీమలవారికి పొట్టకూటికై దూరదేశములకుఁ బోవుట క్రొత్తగాదు. పోయినచోట బ్రతుకు నిలుచుట యొక్కొక్కప్పుడు చిన్న కాగితముపై నాధారపడి యుండును. అట్టి కాగితపుఁ గథ యొకటి నేఁడు మనవి చేసెదను.

1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి ట్రూరో అను నోడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. అది మొదలు చెఱకుతోటలకు ఒప్పందపుఁ గూలీలుగాఁ బోయినవారిలో తెలుఁగువారు పెక్కండ్రు. గడువు తీఱినపిదప కొందఱు చిన్న వ్యాపారములు పెట్టుకొనిరి. గుజరాతీ వర్తకులును వచ్చిరి. తెల్లవర్తకులకు ఇది కంటగింపైనది.

1897లో అచటి నేటాలు ప్రభుత్వము దుకాణముల లైసెన్సుల చట్టము చేసెను. అందు జాతి మాట యొక్కటియు లేదు. కాని లైసెన్సు నిచ్చుటయు మానుటయు ఒక యధికారి యిష్టము. అతఁడు కాదన్నచో పురపాలక సంఘమునకే మొఱ. ఆపై సుప్రీముకోర్టునకు అప్పీలు లేదు.

1898లో డర్బనులో సోమనాథ మహారాజు అను భారతీయునికి లైసెన్సు నిరాకరించిరి. కారణమేమని యడిగినను సంఘము చెప్పలేదు. రికార్డు నకలును ఈయలేదు. విచారించిన పద్ధతియే తప్పని సుప్రీముకోర్టునకు విన్నవింపఁగా, కోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఇట్టి విచారణ సంఘమునకే సిగ్గుచేటని న్యాయమూర్తి మేసన్ పలికెను. అయినను సంఘము మరల విచారించి మరల కాదనెను.

న్యాయమూర్తి మాటను గాంధీగారు వృథా పోనీయలేదు. ఆ యేఁటి చివర ఇంగ్లండులోని వలసల మంత్రి చేంబర్లేనుకుఁ బంపిన విజ్ఞాపనపత్రములో దానిని చేర్చి, అప్పీలు హక్కు కోరిరి. 1909లో, ఉన్న లైసెన్సును తిరిగి యీయనిచో అప్పీలు చేసికొను హక్కు వచ్చినది. క్రొత్త లైసెన్సులకు మాత్రము రాలేదు.

నేను బడిపంతులుగా నున్న యొక యూర నొక వితంతువు టీకొట్టునకు అనుమతి కోరి మూఁడుమాఱులు వట్టిచేతులతోఁ దిరిగి వచ్చినది. కులము చూచి కాదనిరని యూరిలో గుసగుస. నోరు విప్పి చెప్పినవాఁడు లేఁడు. “సారూ, ఎందుకు ఇయ్యరో ఒక్కరు చెప్పరు” అని యేడ్చినది. “అమ్మా, ఆ యెందుకో కాగితముమీఁద వ్రాసి యిమ్మని యడుగుము” అని అర్జీ వ్రాసి యిచ్చితిని. నెల తిరుగకముందే అనుమతి వచ్చినది.

మన రాజ్యాంగపు 19వ అధికరణము వృత్తి వ్యాపారముల హక్కు నిచ్చుచున్నది. 226వది హైకోర్టు తలుపు తెఱచుచున్నది. కాని ఆ తలుపు తట్టువాని చేత కాగితముండవలెను. కనుక పెద్దలారా, మీ యూర నెవ్వనికైనను కాదన్నచో, ఏల యని వ్రాతమూలముగా నడిగింపుఁడు. అడుగ నేరనివానికి అర్జీ మీరే వ్రాసి పెట్టుఁడు. సెలవు.