పగడపు దీవులు – అతిథి ధర్మం



లక్షద్వీపమనే పేరు వినగానే అరేబియా సముద్రంలో లక్ష దీవులున్నవన్న భ్రమ కలుగుతుంది. ప్రభుత్వ లెక్కలలో కనిపించేవి 36 మాత్రమే. వాటిలో జననివాసం గలవి 10. అన్నింటినీ ఒకచోట చేర్చినా భూభాగం 32 చదరపు కిలోమీటర్లు. తెలుగునాట ఒక పెద్ద గ్రామపు పొలిమేరలో ఇమిడిపోగలదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నివసించేవారు 64,473 మంది. 1956లో కేంద్రపాలిత ప్రాంతమైన ఈ దీవుల సముదాయానికి 1973లో లక్షద్వీప్ అన్న పేరు అధికారికంగా ఏర్పడింది.

కొచ్చి రేవు నుండి 220 మొదలు 440 కిలోమీటర్ల దూరంలో ఈ దీవులు విస్తరించి ఉన్నవి. రాత్రంతా నల్లని సముద్రంపై సాగిన ఓడ ఉదయానికి దీవిని సమీపించేసరికి నీటి రంగు మారిపోతుంది. ముదురు నీలం లేత పచ్చగా, తరువాత దాదాపు వర్ణరహితంగా తేటపడుతుంది. అక్కడినుండి లోతు తక్కువైన ఉప్పుకయ్య. దానిచుట్టూ కోటగోడవలె పగడపు దిబ్బ. దిబ్బ వెలుపల అలల ఘోష. లోపల నిశ్చల జలం, తెల్లని ఇసుక, కొబ్బరి తోటలు. నగర జీవితంలో అలసిన మనిషి కోరుకొనే ప్రశాంతత ఇదే.

ఈ ప్రశాంతత దేనిపై ఆధారపడి ఉన్నదో ఆలోచించవలసి ఉన్నది.

తెలుగువారికి పగడమనగానే నవరత్నాలలో ఒకటిగా, ఉంగరంలో పొదిగిన ఎర్రని రాయిగా స్ఫురిస్తుంది. దీవులను నిర్మించే పగడాలు వేరు. అవి సూక్ష్మమైన ప్రాణులు. తమ శరీరంలో ఆశ్రయమిచ్చిన నాచు మొక్కలు తయారుచేసే ఆహారంతో అవి జీవిస్తూ, సున్నపురాతి గూళ్ళు కట్టుకుంటాయి. వేల సంవత్సరాలపాటు అట్టి గూళ్ళు పేరుకొనగా ఏర్పడినదే దిబ్బ. అది అలల తాకిడికి విరిగి, చేపల నోటబడి నలిగి ఇసుకగా మారుతుంది. యాత్రికుని పాదం క్రింద ఉన్న ఇసుక ఒకనాటి జీవరాశి అన్నమాట. సముద్రజలం మితిమీరి వేడెక్కినప్పుడు పగడాలు తమలోని నాచును కోల్పోయి తెల్లబారుతాయి. వేడి తగ్గనియెడల మరణిస్తాయి. 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీప్‌లో ఈ విపత్తు సంభవించింది. 2024 జనవరిలో ప్రధానమంత్రి పర్యటన తరువాత ఈ దీవుల పేరు దేశమంతటా మారుమ్రోగింది. ఆ వేసవిలోనే పగడాలు మరల తెల్లబారినవి. బంగారం దీవికి సమీపంలోని పరళి దీవులలో ఒకటి కోతకు గురై పూర్తిగా అదృశ్యమైనట్లు 2017లో వెల్లడైంది.

రెండవది మంచినీరు. ఈ దీవులలో నదులు లేవు. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. బావులకు ఆధారం ఆ పొరయే. సముద్రపు ఆటుపోట్లతోపాటు బావినీటి మట్టం కూడా పెరిగి తగ్గుతుంది. అవసరాన్ని మించి తోడినచో అడుగునుండి ఉప్పునీరు పైకి వస్తుంది. ఈ కొరతను గుర్తించియే 2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీటినిచ్చే కర్మాగారం నెలకొల్పబడింది. వెచ్చని ఉపరితల జలాన్ని తక్కువ పీడనంలో ఆవిరిగా మార్చి, లోతునుండి తెచ్చిన చల్లని నీటితో చల్లార్చడం అందలి విధానం.

మూడవది ద్వీపవాసుల మితజీవనం. దక్షిణాన ఉన్న మినికాయ్‌లో మాల్దీవుల భాషకు దగ్గరదైన మహల్ భాష మాట్లాడుతారు. అక్కడి జాలరులు ఉప్పుకయ్యలో చిన్నచేపలను సజీవంగా పట్టి, నడిసముద్రంలో ఎరగా చల్లి, గాలపు కర్రతో సూరచేపలను ఒక్కొక్కటిగా పైకి లాగుతారు. వలతో మందను ఊడ్చివేయరు. సూరచేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ తయారుచేస్తారు. పగడపు దిబ్బ నశిస్తే ఎరచేప లేదు. ఎరచేప లేనిచో ఆ ఇంటి పొయ్యి వెలగదు.

అయితే యాత్రికులు రాకూడదని అర్థం కాదు. కొబ్బరి, చేపలవేట, ప్రభుత్వోద్యోగాలు తప్ప జీవనోపాధి మార్గాలు తక్కువైన ఈ దీవుల యువకులకు పర్యాటకం ఒక ఆశ. వెలుపలివారు ముందుగా అనుమతిపత్రం పొందాలన్న నియమం కూడా ఎందరు, ఎప్పుడు, ఎచ్చటికి రావాలన్న లెక్కకు ఉపకరించగలదు. యాత్రికుడు పాటించవలసినవి కష్టసాధ్యమైనవి కావు. పగడంపై కాలుమోపకపోవడం, దానిని జ్ఞాపికగా తీసుకొనకపోవడం, స్నానానికి నీరు పొదుపుగా వాడడం, తెచ్చిన ప్లాస్టిక్కును తిరిగి ఓడలో తీసుకుపోవడం, గ్రామాల ఆచారాలను గౌరవించడం. ఈ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందుతున్నవి. వాటిని తీసుకుపోవడం నేరం.

దూరపు బంధువు ఇంటికి వెళ్ళేవాడు ఆ ఇంటి బావిలో నీరెంత ఉన్నదో తెలుసుకొని వెళ్ళాలి. అట్టి అతిథిని ఆ ఇల్లు మరల రమ్మని పిలుస్తుంది.