బిడ్డలు వద్దనుకొను దంపతులు – మన సంఘము

శతవార్షిక సభలలో గడచిన తరములను గూర్చి మాటలాడుట వాడుక. మాకిచ్చిన అంశమైతే రాబోవు తరమును గూర్చినది. భూమి క్షేమము కొరకు సంతానము వద్దని నిర్ణయించుకొనుట క్రైస్తవునికి తగునా?

ఇది పరదేశపు ప్రశ్న అని తోసివేయవద్దు. 2019 ప్రాంతమున ఇంగ్లండులో కొందరు స్త్రీపురుషులు, వాతావరణము ఇట్లు చెడిపోవుచుండగా తాము బిడ్డలను కనబోమని బహిరంగముగా ప్రకటించిరి. నేడు హైదరాబాదులోను అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్న మన సంఘపు బిడ్డలును అదే మాట ఫోనులో ఇంటికి చెప్పుచున్నారు. తల్లి కంటనీరు పెట్టుకొని పాస్టరు ఇంటికి వచ్చును. "అయ్యగారూ, మీరైనా వాళ్లకు బుద్ధి చెప్పండి" అనును. బుద్ధి చెప్పుటకు ముందు వారి మాటలో సత్యమెంతయున్నదో చూడవలెను గదా.

కొంత ఉన్నది. 2017లో స్వీడనుకు చెందిన లుండ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక లెక్క ప్రచురించిరి. సంపన్న దేశములో ఒక బిడ్డ తక్కువైన యెడల ఏటా 58.6 టన్నుల కర్బన వాయువులు తగ్గునట. కారు మానుట, విమానము మానుట దాని ముందు చాల చిన్నవి. అయితే ఆ లెక్కలో పుట్టబోవు మనుమలను, మునిమనుమలను కూడ చేర్చి, వారందరును నేటివలెనే పొగ విడుతురని ఊహించిరి. అది మరచి ఆ సంఖ్యనొక్కటే చెప్పుట న్యాయము కాదు. పైగా అమెరికాలో మనిషి ఒక్కనికి ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కకు వచ్చుచుండగా, మన దేశములో సుమారు 2 టన్నులే. డల్లాసులోని మనుమనికిని ఖమ్మం పల్లెలోని మనుమనికిని భూమి మోయు బరువు ఒకటి కాదు. కాబట్టి డల్లాసు దంపతులు తమ్మును గూర్చి ఆలోచించుకొనిన యెడల అది ఆలోచించదగినదే. పత్తిచేలో కూలికి పోవు తల్లికి దానిని బోధింప మనకు హక్కు లేదు. మూడు గదులకు మూడు ఏసీలు పెట్టుకొని, బిడ్డ ఒక్కటే భూమికి భారమనువారిని గూర్చి మేమేమియు చెప్పనక్కరలేదు!

ఈ హెచ్చరిక ఊరక చేయుట లేదు. జనసంఖ్యను గూర్చిన భయము ఎప్పుడును బీదవాని గడప మీదనే పడినది. 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 'జనాభా బాంబు' అను గ్రంథము వ్రాసి, ఢిల్లీ వీధిలో ఒక రాత్రి చూచిన జనసమ్మర్దముతో దానిని ప్రారంభించెను. 1976–77లో మన దేశములో ఒక్క సంవత్సరమున 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగెను. వాటిలో బలవంతముగా చేసినవెన్నియో! తరువాత 1994లో మన రాష్ట్రమున ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని చట్టము వచ్చెను. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని తీసివేసెను. ఇప్పుడు స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలేయని 2019–21 సర్వే చెప్పుచుండగా, నాయకులు ఇంకను కనుడనుచున్నారు. నిన్న వద్దనిరి, నేడు కావలెననుచున్నారు. రెండు పర్యాయములును తల్లిని ఎవరు అడిగిరి?

ఇక లేఖనము. ఫలించి అభివృద్ధి పొందుడన్న దీవెనను ఆదికాండము మొదటి అధ్యాయము 28వ వచనమున అందరు చూపుదురు. ఆరు వచనములు వెనుకకు వెళ్లి 22వ వచనము చూడుడి. ఆ దీవెన మనకంటె ముందు చేపలకును పక్షులకును ఇయ్యబడెను. మన విస్తరణవలన వాటి దీవెన ఎండిపోవుచున్న యెడల, ఆ వాక్యమును మన పక్షమున మాత్రమే చదువుటెట్లు? మరియు యిర్మీయా గ్రంథము 16వ అధ్యాయములో ప్రవక్త పెండ్లియు బిడ్డలును లేక యుండవలెనని ఆజ్ఞ పొందెను. అదే ప్రవక్త 29వ అధ్యాయములో బబులోనులోని చెరవారికి, ఇండ్లు కట్టుకొని బిడ్డలను కనుడని ఉత్తరము వ్రాసెను. కనుట విధేయతయే, కనకుండుటయు విధేయతయే కాగలదు. అయితే, లోకము చెడిపోయినది గనుక ఇక బిడ్డలెందుకని నిరాశతో చెప్పువారితో మేము ఏకీభవింపము. చెరకంటె చెడ్డ కాలమేది? అక్కడను ఉయ్యాలలు ఊగినవి.

ఇట్టి దంపతులను మనమెట్లు చూచుచున్నామన్నది అంతకంటె దగ్గరి ప్రశ్న. ఆరాధన ముగియగానే గుడి మెట్లమీదనే "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని అడుగుదుము. వద్దనుకొన్నవారు నవ్వి ఊరుకొందురు. ఎన్నో ఏండ్లుగా కావలెనని కన్నీటితో ప్రార్థించుచున్న ఆమె ఆ ప్రశ్న విని మరుసటి ఆదివారము గుడికి రాదు. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో ముఖము చూచి తెలియదు గదా.

వృద్ధాప్యములో వీరినెవరు చూతురని తలిదండ్రులు అడుగుదురు. ఆ భయము నిజమైనదే, దానిని మేము తేలికగా తీసికొనము. కాని నలుగురిని కని, నలుగురిని విమానమెక్కించి, ఆస్పత్రి వరండాలో ఒంటరిగా కూర్చుండువారు మన సంఘములోనే ఉన్నారు. సిలువ మీదనుండి ప్రభువు తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించెను; రక్తసంబంధము చూడలేదు. బిడ్డకు బాప్తిస్మమిచ్చునప్పుడు ఆ బిడ్డను పెంచుటలో తోడ్పడుదుమని సంఘమంతయు లేచి మాట ఇచ్చుచున్నది. బిడ్డలు లేని అత్తయ్య, మామయ్యలకు ఆ మాటలో పాలున్నది. ఆదివారపు బడిలో వారికి పని ఇయ్యుడి. పాస్టరేటు కమిటీవారు, ఒంటరిగా నివసించు వృద్ధుల పేర్లు బిడ్డలున్నవారు, లేనివారు అను భేదము లేక వ్రాసి, వారమునకు ఒకరు చొప్పున వారి ఇండ్లకు వెళ్లు ఏర్పాటును ఈ నెలలోనే ఆరంభింపవలెనని మేము కోరుచున్నాము.